కృష్ణపట్నం ప్లాంటు చేతులు మారితే పొగ తగ్గినట్టేనా? ఆసియా పెద్ద ఫండ్లు, మన పీఎఫ్ డబ్బు

విభాగం: చెన్నై తెలుగువాళ్లు › డబ్బు, పెట్టుబడులు

పెరుంగుడి_ప్రసాదు

అందరికీ నమస్కారం. చాన్నాళ్లుగా చదువుతూ ఉన్నా గానీ రాయడం ఇప్పుడే.

నేను ఓఎంఆర్ మీద ఒక ఈఎస్‌జీ (పర్యావరణం, సమాజం, పాలన విషయాల్లో కంపెనీల పనితీరు) డేటా కంపెనీలో పని చేస్తాను. ఆ పనేంటో మా ఇంట్లోవాళ్లకే సరిగ్గా తెలీదు, అందుకని ముందు అది చెప్తా. జపాన్, కొరియా, సింగపూర్, ఇండియా కంపెనీల వార్షిక రిపోర్టులు ముందేసుకుని, ఎన్ని టన్నుల కార్బన్ వదిలారు, కరెంటు ఎంత కొన్నారు, అందులో సోలార్ ఎంత అని వెతికి గడులు నింపడం. ఆ గడులు స్కోర్లవుతాయి, స్కోర్లు ఇండెక్సులవుతాయి (ఏ కంపెనీ షేరు ఎంత కొనాలో చెప్పే జాబితాలు), ఇండెక్సుల వెంట పెన్షన్ ఫండ్ల డబ్బు నడుస్తుంది. కంపెనీ అంకె చెప్పకపోతే గడి ఖాళీగా వదలం. ఆ రంగం సగటును బట్టి ఒక అంచనా పెట్టి, పక్కన ‘అంచనా’ అని గుర్తు వేస్తాం. ఆ గుర్తు చివరిదాకా ఎంతమంది చూస్తారో దేవుడికే తెలియాలి.

ఈమధ్య సింగపూర్ కరెంటు కంపెనీ సెంబ్‌కార్ప్ ఫైలు చేతికొచ్చింది. మన నెల్లూరు జిల్లా కృష్ణపట్నం దగ్గర 2,640 మెగావాట్ల బొగ్గు ప్లాంటు ఒకప్పుడు వీళ్లదే. 2022 సెప్టెంబర్లో అమ్ముతున్నామని ప్రకటించారు, 2023 జనవరిలో అమ్మకం పూర్తయింది. ధర దాదాపు 11,700 కోట్లు. కొన్నది ఒమన్ వాళ్ల తన్వీర్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్. దాని వెనకున్న పెట్టుబడిదారుల్లో ఒమన్ రక్షణ శాఖ పెన్షన్ ఫండ్ కూడా ఉంది. డబ్బు రొక్కంగా చేతులు మారలేదు. అమ్మినవాళ్లే ఆ సొమ్మును కొన్నవాళ్ల మీద బాకీగా ఉంచారు, కొన్నవాళ్లు వడ్డీతో ఏళ్ల తరబడి తీర్చాలి.

సెంబ్‌కార్ప్‌లో దాదాపు సగం వాటా టెమాసెక్‌ది, అంటే సింగపూర్ ప్రభుత్వ పెట్టుబడి సంస్థది. తన పోర్ట్‌ఫోలియో ఉద్గారాలను 2030 నాటికి 2010 స్థాయిలో సగానికి, 2050కి నికర సున్నాకు, అంటే వదిలినంత కార్బన్ వెనక్కి తీసుకునే స్థాయికి, తెస్తానని చెప్పుకున్న సంస్థ అది.

ఈ ఒక్క అమ్మకంతో సెంబ్‌కార్ప్ యూనిట్ కరెంటుకు వదిలే కార్బన్ లెక్క మూడో వంతుకు పైగా పడిపోయింది. ప్లాంటులో మాత్రం అమ్మకం వల్ల ఒక్క బొగ్గు పెళ్ల కూడా కాలకుండా ఆగలేదు. స్కోరు పెరిగింది. దీన్ని ఏమనాలి?

నెల్లూరు_కారం

ముత్తుకూరు పక్కనే మాది. ఇప్పుడు మడిపాక్కంలో ఉంటున్నా. అమ్మిన సంగతి మా ఊళ్లో చాలామందికి గేటు మీద బోర్డు మారాకే తెలిసింది. మావాళ్లకి అది ఎవరిదైనా ‘ప్రైవేటు థర్మల్’. పక్కనే జెన్‌కో వాళ్ల దామోదరం సంజీవయ్య ప్లాంటు ఉంది. పోర్టు నుంచి బొగ్గు వస్తుంది, కాలుతుంది, బూడిద లారీల్లో పోతుంది. ఎండాకాలం పడమటి గాలి తిరిగినప్పుడు మిద్దె మీద ఆరేసిన వడియాల మీద ఏం పడిందో మా పెద్దమ్మని అడగండి, ఏ చిమ్నీదో మాత్రం ఆమె చెప్పలేదు.

సింగపూర్ వాడున్నప్పుడైనా ఎవరికైనా జవాబు చెప్పుకోవాలని ఉండేది. ఇప్పుడు ఒమన్ పెన్షన్ ఫండ్‌ని ఎవరు అడుగుతారు సామీ?

బొగ్గు_భక్తుడు

పేరు చూసి తిట్టకండి, కరెంటు రంగంలోనే ఉన్నా.

సూటిగా అడుగుతా. ఆ 2,640 మెగావాట్లు మూసేస్తే ఆంధ్ర, తెలంగాణ డిస్కంలు సాయంత్రం ఏడింటికి ఏం చేస్తాయి? దేశంలో తయారయ్యే కరెంటులో నాలుగింట మూడొంతుల దాకా ఇంకా బొగ్గే. మన తమిళనాడులో ముప్పందల్ గాలి మర మే నుంచి సెప్టెంబర్ దాకా బాగా తిరుగుతుంది, తర్వాత? సోలార్ సూర్యాస్తమయంతో సరి. బొగ్గు వద్దనే ఫండ్ మేనేజర్ ఆఫీసులో ఏసీ కూడా దాంతోనే నడుస్తోంది.

ఇండియా నికర సున్నా గడువు 2070. గ్లాస్గో వాతావరణ సదస్సులో 2021లో ప్రపంచం ముందే చెప్పాం. యూరప్ 2050 గడువు తెచ్చి మన నెత్తిన పెడితే ఎలా?

టోక్యో_రిటర్న్

భక్తుడు గారూ, ఆ అభ్యంతరం సగం నిజమే, తర్వాత వస్తా దానికి. ముందు ప్రసాదు అడిగింది.

నేను టోక్యోలో ఒక అసెట్ మేనేజర్ (ఇతరుల డబ్బు పెట్టుబడి పెట్టిపెట్టే కంపెనీ) దగ్గర కొన్నేళ్లు చేసి వచ్చాను. ఆసియాలో ఈ కథ నిజంగా మొదలైంది జీపీఐఎఫ్‌తో, అంటే జపాన్ ప్రభుత్వ పెన్షన్ ఫండ్‌తో. 200 లక్షల కోట్ల యెన్‌లు దాటిన ఫండ్ అది, ప్రపంచంలోకెల్లా పెద్ద పెన్షన్ ఫండ్లలో ఒకటి. 2015లో ఐరాస బాధ్యతాయుత పెట్టుబడి సూత్రాల మీద సంతకం పెట్టింది. అప్పటి పెట్టుబడుల అధిపతి హిరో మిజునో వాదన చాలా తేలిక. ఇంత పెద్ద ఫండ్ అంటే మొత్తం మార్కెట్‌నే కొన్నట్టు. ఒక కంపెనీ కాలుష్యం చేసి లాభం తెస్తే ఆ నష్టం ఇంకో కంపెనీ షేర్లో మళ్లీ మన జేబులోంచే పోతుంది. కాబట్టి షేర్లు అమ్ముకుని పారిపోవడానికి చోటు లేదు, ఉండి బాగు చేసుకోవాల్సిందే.

ఇంకో తిరకాసు ఉంది. జీపీఐఎఫ్ చట్టప్రకారం కంపెనీ షేర్లు సొంతంగా ఎంచుకుని కొనకూడదు, బయటి మేనేజర్ల ద్వారానే కొనాలి. అందుకని ఇండెక్స్ దారి పట్టింది. 2018లో ఒక కార్బన్ ఎఫిషియెంట్ ఇండెక్స్ తీసుకుంది. అందులో ఏ రంగాన్నీ వెలివేయరు. సిమెంటు వాళ్లలో తక్కువ కార్బన్ వాడికి కాస్త ఎక్కువ బరువు, స్టీలు వాళ్లలోనూ అంతే. అంకెలు బయటపెట్టినవాడికి అదనంగా ఇంకొంచెం. ప్రసాదూ, నువ్వు నింపే గడి అక్కడ పనికొస్తుంది. జపాన్ కంపెనీలు పోటీ పడి అంకెలు ప్రకటించడానికి ఇదొక పెద్ద కారణం. అయితే అంకె చెప్పడం వేరు, తగ్గించడం వేరు. మొదటిది చాలా జరిగింది, రెండోది అంత జరగలేదు.

వేళచ్చేరి_వనజ

అక్కా, ఇదంతా బాగుంది. 2023 డిసెంబర్లో మిచాంగ్ తుపానప్పుడు మా అపార్ట్‌మెంటు కింది అంతస్తులో నడుం లోతు నీళ్లు. పాల ప్యాకెట్లు పడవలో వచ్చాయి. నా జీతంలోంచి నెలనెలా పోయే పీఎఫ్ డబ్బు ఎక్కడికి పోతోంది, అది చెప్పండి చాలు.

టోక్యో_రిటర్న్

వనజా, పీఎఫ్ డబ్బు కార్మిక శాఖ నోటిఫై చేసిన పాటర్న్ ప్రకారం నడుస్తుంది. 45 నుంచి 65 శాతం ప్రభుత్వ బాండ్లు, 20 నుంచి 45 శాతం ఇతర బాండ్లు, 5 నుంచి 15 శాతం షేర్లు. షేర్లలోకి 2015 ఆగస్టులో అడుగుపెట్టింది, అదీ ఈటీఎఫ్‌ల (ఒక ఇండెక్సులోని షేర్లన్నీ కలిపి కొనే ఫండ్ల) ద్వారానే. నిఫ్టీ, సెన్సెక్స్ ఈటీఎఫ్‌లు, వాటితోపాటు ప్రభుత్వ సంస్థల సీపీఎస్‌ఈ ఈటీఎఫ్, భారత్ 22. సీపీఎస్‌ఈలో ఎవరుంటారు? కోల్ ఇండియా, ఎన్‌టీపీసీ, ఓఎన్‌జీసీ.

అంటే మీ ఇంట్లో నీళ్లు ఎత్తిపోసిన మోటారు ఖర్చు మీదే, బొగ్గు డివిడెండులో చిల్లర వాటా కూడా మీదే.

పీఎఫ్ నడిపే ఈపీఎఫ్‌ఓ కూడా జీపీఐఎఫ్ లాగే సొంతంగా షేర్లు ఎంచుకోదు. అక్కడిదాకా ఇద్దరూ ఒకటే. జీపీఐఎఫ్ మాత్రం తన మేనేజర్లకి ‘కంపెనీలతో ఏం మాట్లాడారు, ఎలా ఓటేశారు’ అని ఏటా లెక్క అడిగి బయటపెడుతుంది. చందాదారు చదువుకోవచ్చు.

కొత్త_టీనగర్

ఎల్ఐసీ సంగతి? మా నాన్న ఏజెంటు, అందుకే అడుగుతున్నా.

సర్వేయర్_మామ

ఎల్ఐసీ గురించి పెద్దగా చెప్పడానికేముంది బాబూ. 50 లక్షల కోట్లు దాటిన ఆస్తులు, దేశంలో అందరికన్నా పెద్ద సంస్థాగత పెట్టుబడిదారు, కోల్ ఇండియాలోనూ ఎన్‌టీపీసీలోనూ వాటాలున్నాయి. ప్రభుత్వం వాటా అమ్మకానికి పెట్టిన రోజున కొనేవాడు లేకపోతే ఎల్ఐసీ వైపు చూడటం మన ఆనవాయితీ. కంపెనీ యజమాని ప్రభుత్వమే, పెట్టుబడిదారు యజమానీ ప్రభుత్వమే అయితే ఎవరు ఎవర్ని నిలదీస్తారు?

నేను మాట్లాడగలిగింది జనరల్ ఇన్సూరెన్స్ గురించి. రిటైరైన సర్వేయర్ని. 2015 డిసెంబర్లో అడయార్ పొంగినప్పుడు మేం చూసిన క్లెయిములు ఇప్పటికీ కళ్లముందున్నాయి. సర్వీసు యార్డుల్లో వరసగా కార్లు, డ్యాష్‌బోర్డు దాకా బురద గీత. ఆ గీత ఎత్తు టేపుతో కొలిచి రాసుకునేవాళ్లం, ఎందుకంటే నీళ్లు ఎయిర్ ఫిల్టర్ దాకా వెళ్లాయా లేదా అన్నదాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది. నీళ్లు దిగాక తాళం తిప్పి స్టార్టు చేసినవాళ్ల ఇంజన్లు బిగుసుకుపోయాయి. మామూలు పాలసీలో అది పర్యవసాన నష్టం (వరద నేరుగా కాక, తర్వాత చేసిన పని వల్ల వచ్చిన నష్టం) కిందికి వస్తుంది, డబ్బు రాదు. ఎంతమంది ఏడ్చారో. ఇంజన్ ప్రొటెక్షన్ అనే యాడ్-ఆన్ చెన్నైలో అడిగి మరీ కొనడం ఆ తర్వాతే చూశాను.

ఇందులో మీ చర్చకు పనికొచ్చే ముక్క ఒకటుంది. వరద క్లెయిములు కట్టేదీ, ప్రీమియం డబ్బును విద్యుత్ కంపెనీల బాండ్లలో పెట్టేదీ ఒకటే కంపెనీ కావచ్చు. కానీ క్లెయిముల విభాగం ఒక అంతస్తులో, పెట్టుబడుల విభాగం ఇంకో అంతస్తులో. పాలసీ ఏడాదికోసారి రెన్యువల్ అవుతుంది కాబట్టి నష్టం వస్తే వచ్చే ఏడు ప్రీమియం పెంచుకుంటారు. ముప్పై ఏళ్ల ముందుచూపు వాళ్లకు అవసరమే లేదు. జీవిత బీమా, పెన్షన్ వాళ్లకు అది తప్పదు. జపాన్లో ముందుకొచ్చినవి కూడా జీవిత బీమా కంపెనీలే అని చదివాను, టోక్యో అమ్మాయి చెప్పాలి.

టోక్యో_రిటర్న్

అవును మామగారూ. ఐరాస ఆధ్వర్యంలోని నికర సున్నా ఆస్తి యజమానుల (అంటే పెన్షన్, బీమా సంస్థల్లాంటి పెద్ద నిధులున్నవాళ్ల) కూటమిలో ఆసియా నుంచి మొదట చేరింది దాయ్-ఇచి లైఫ్, 2021లో. తర్వాత నిప్పన్ లైఫ్, మెయిజీ యసుదా, సుమితోమో లైఫ్. నాలుగూ జీవిత బీమావే.

బొగ్గు_భక్తుడు

కూటములు! 2025 జనవరిలో అసెట్ మేనేజర్ల నికర సున్నా కూటమి, అమెరికా కంపెనీ బ్లాక్‌రాక్ వెళ్లిపోగానే పనులు ఆపేసింది. అదే ఏడాది మార్చిలో జపాన్ పెద్ద బ్యాంకులు కూడా బ్యాంకుల కూటమికి దండం పెట్టి బయటికొచ్చాయి. అమెరికాలో గాలి మారితే టోక్యోలో గొడుగు మడిచారు. దీన్ని నమ్మి మనం ప్లాంట్లు మూసుకోవాలా?

టోక్యో_రిటర్న్

కూటమి పేరు ముఖ్యం కాదు, ఓటు ముఖ్యం. ఒక ఉదాహరణ చెప్తా.

జపాన్ చట్టంలో కంపెనీ షేర్లలో 1 శాతం ఓటు హక్కు గానీ 300 ఓట్లు గానీ ఆరు నెలలు పట్టుకుని ఉన్నవాడు ఏజీఎంలో (వాటాదారుల వార్షిక సమావేశంలో) తీర్మానం పెట్టొచ్చు. అందుకే క్యోటోలోని కికో నెట్‌వర్క్ అనే చిన్న పర్యావరణ సంస్థ 2020లో మిజుహో బ్యాంకు మీద తీర్మానం పెట్టగలిగింది. బొగ్గు ప్లాంట్లకు ఇచ్చే అప్పులు ప్యారిస్ ఒప్పందానికి ఎలా సరిపోతాయో చెప్పండి అని. కంపెనీ నియమావళి మార్చే తీర్మానం కాబట్టి మూడింట రెండొంతులు రావాలి. వచ్చింది 34 శాతం. ఓడింది. కానీ బోర్డురూముల్లో ఆ 34 చాలా పెద్ద అంకె, ఎందుకంటే అది ఎన్‌జీఓల ఓటు కాదు, ఫండ్ల ఓటు. మరుసటి ఏడాది ఎంయూఎఫ్‌జీ అనే ఇంకో జపాన్ బ్యాంకు మీదా అలాంటి తీర్మానం వచ్చింది. ఏజీఎం దాకా ఆగకుండా బ్యాంకు ముందే 2050 నికర సున్నా హామీ ప్రకటించేసింది.

మన కంపెనీల చట్టంలో వాటాదారులు తీర్మానం పెట్టాలంటే 10 శాతం ఓటింగ్ బలం కావాలి. కోల్ ఇండియాలో 10 శాతం ఎవరి దగ్గరుంటుంది? ప్రభుత్వం దగ్గర, లేదంటే ఎల్ఐసీ లాంటి వాళ్ల దగ్గర. అక్కడికే ఆగిపోతుంది.

పెరుంగుడి_ప్రసాదు

అక్కా, కొరియా సంగతి కూడా చెప్పాలి. వాళ్ల జాతీయ పెన్షన్ సర్వీసు 2021 మేలో ‘బొగ్గుకు దూరం’ అని ప్రకటించింది. ఎవర్ని బొగ్గు కంపెనీ అనాలో తేల్చింది మాత్రం 2024 డిసెంబర్లో. రాబడిలో సగం పైగా బొగ్గు నుంచి వస్తేనే లెక్కలోకి వస్తుంది. అదీ ముందు విదేశీ కంపెనీలకు, సొంత దేశం వాళ్లకు 2030 నుంచి. ఈలోపు మా టీములో కొరియా ఫైళ్లు చూసే అమ్మాయి ‘ఏ గీత పెట్టుకోమంటారు’ అని క్లయింట్లను అడుగుతూనే ఉంది.

బొగ్గు_భక్తుడు

చూశారా, సొంత ఇంటికొచ్చేసరికి 2030.

అయినా నా ప్రశ్న అలాగే ఉంది. ఎన్‌టీపీసీని వెలివేస్తే సోలార్ కట్టేదెవరు? ఎన్‌టీపీసీ గ్రీన్ 2024 నవంబర్లో 10,000 కోట్ల ఐపీఓకి వచ్చింది. తల్లి బొగ్గు, పిల్ల సోలార్. ప్రసాదు గడిలో దీనికేం స్కోరు?

పెరుంగుడి_ప్రసాదు

రెండు గడులు అన్నా. తల్లికి చెడ్డది, పిల్లకు మంచిది. పిల్ల తల్లి లెక్కలోకీ వస్తుంది కాబట్టి తల్లికి కొంచెం తక్కువ చెడ్డది.

నెల్లూరు_కారం

కుటుంబ తగాదాలా ఉంది ఇది.

సీమ_సుబ్బు

అందరూ బొగ్గు చుట్టూనే తిరుగుతున్నారు. వాటా అమ్మేయడం, ఓటేయడం అయ్యాక మూడోది కూడా ఉంది కదా, కొత్తది కట్టడం.

మాది పాణ్యం దగ్గర. పిన్నాపురం కొండల్లో గ్రీన్‌కో కంపెనీ కట్టిన ప్రాజెక్టు మా ఊరి దారిలోదే. పగలు సోలార్ కరెంటుతో కింది చెరువులోంచి నీళ్లు పైకి తోడతారు, సాయంత్రం పైనుంచి వదిలి టర్బైన్లు తిప్పుతారు. పంప్‌డ్ స్టోరేజీ 1,680 మెగావాట్లు. భక్తుడు అన్న అడిగిన ఏడింటి కరెంటు ఇదే. మా తాత రోజుల్లో అక్కడ గొర్రెలు తప్ప ఏమీ లేవు.

గ్రీన్‌కోలో పెద్ద వాటా సింగపూర్ ప్రభుత్వ ఫండ్ జీఐసీది, అబుదాబీ ప్రభుత్వ ఫండ్‌కీ వాటా ఉంది, 2020లో జపాన్ ఫైనాన్స్ కంపెనీ ఓరిక్స్ కూడా వచ్చింది. పెన్షన్ల, ప్రభుత్వాల ఓపికున్న డబ్బు కాబట్టే ఇన్నేళ్లు కొండలో పనులు జరుగుతుంటే ఆగింది. నెలకో వాయిదా అడిగే బ్యాంకు అయితే మధ్యలోనే పీక పట్టుకునేది.

ఒకే సింగపూర్. ఒక చేత్తో నెల్లూరులో బొగ్గు ప్లాంటు వదిలించుకుంది, ఇంకో చేత్తో కర్నూలు కొండల్లో డబ్బు పోసింది. రెండూ చూడాలి గదా.

బొగ్గు_భక్తుడు

ఇది ఒప్పుకుంటా. పంప్‌డ్ స్టోరేజీ నిజంగా పనికొచ్చే సరుకు. కానీ దాని కరెంటు రేటు డిస్కం కట్టగలిగేలా ఉండాలి, ఆ లెక్క ఇంకోరోజు.

నిర్వాహకుడు

డిస్కం బాకీల చర్చకు వేరే దారం ఉంది, అక్కడికి వెళ్లండి. వరదల తర్వాత వేళచ్చేరిలో ఫ్లాటు కొనొచ్చా అని అడిగిన మూడు పోస్టులు రియల్ ఎస్టేట్ విభాగానికి మార్చాను.

టోక్యో_రిటర్న్

సుబ్బు గారి మూడో దారి సరే. కృష్ణపట్నం లాంటివాటికి నాలుగోది కూడా ఉంది: ఊరికే అమ్మి వదిలేయకుండా, త్వరగా మూసే తేదీ కట్టేయడం. ఆసియా అభివృద్ధి బ్యాంకు 2021లో దీనికోసం ఒక పథకం మొదలుపెట్టింది. ఆ దారిలో ఫిలిప్పీన్స్‌లో ఏసెన్ కంపెనీ 246 మెగావాట్ల సౌత్ లూజాన్ బొగ్గు ప్లాంటును 2022లో తన నుంచి విడదీసి కొత్త పెట్టుబడిదారులకు అప్పగించింది. కొత్త పెట్టుబడిదారుల్లో అక్కడి ప్రభుత్వోద్యోగుల పెన్షన్ సంస్థ జీఎస్‌ఐఎస్, ఇన్సులర్ లైఫ్ అనే బీమా కంపెనీ ఉన్నాయి. షరతు ఏంటంటే ప్లాంటు 2040కల్లా మూతపడాలి, అంటే దాని ఆయుష్షులో సగం కోత. అక్కడా పెన్షన్ ఫండే, ఒమన్లోనూ పెన్షన్ ఫండే. కాగితం మీద రాసుకున్న ఆఖరి తేదీలో తేడా.

కృష్ణపట్నం ఒప్పందంలోనూ ఒక చిన్న మెలిక పెట్టారు, అది చెప్పకపోతే అన్యాయం. కొన్నవాళ్లు యూనిట్‌కు వదిలే కార్బన్ తగ్గిస్తే బాకీ మీద వడ్డీలో రాయితీ. ఏమీ లేకపోవడం కన్నా నయం. మూసే తేదీకి మాత్రం అది సాటి రాదు. నా మటుకు నేను ఈ అమ్మకాన్ని వాతావరణ చర్య అనను, బ్యాలెన్స్ షీటు చర్య అంటాను. సెంబ్‌కార్ప్ ఆ బాకీ మీద వడ్డీ తీసుకుంటున్నంత కాలం, ఆ చిమ్నీతో వాళ్లకు సంబంధం తెగిపోయిందని ఎవరూ నన్ను ఒప్పించలేరు. ప్రసాదూ, మీ గడుల్లో అప్పిచ్చినవాడి వాటా పొగకి కాలమ్ ఉందా?

పెరుంగుడి_ప్రసాదు

బ్యాంకులకు ఉంది, ఫైనాన్స్డ్ ఎమిషన్స్ అని. మామూలు కంపెనీ అమ్మకం బాకీకి లేదు. పై వాళ్లను అడిగాను, ‘క్లయింటు అడిగితే పెడదాం’ అన్నారు.

వేళచ్చేరి_వనజ

క్లయింటు ఎవరు మరి, ఫండే కదా. ఫండు డబ్బు ఎవరిది, నాది. మరి నేను అడిగితే?

కొత్త_టీనగర్

అక్కా, అడగాలంటే ఎక్కడ మొదలెట్టాలి? పీఎఫ్ పోర్టల్‌లో పాస్‌బుక్ తెరుచుకోవడమే గగనం.

టోక్యో_రిటర్న్

పీఎఫ్ పోర్టల్ వద్దు. ఈటీఎఫ్ నడిపే మ్యూచువల్ ఫండ్ వెబ్‌సైటుకి వెళ్లండి. సెబీ నిబంధన ప్రకారం 2022 ఏప్రిల్ నుంచి మ్యూచువల్ ఫండ్లు తాము వాటా ఉన్న కంపెనీల ప్రతి తీర్మానం మీదా ఓటెయ్యాలి, ఈటీఎఫ్‌లు, ఇండెక్స్ ఫండ్లు కూడా అందులోకే వస్తాయి. మూడు నెలలకోసారి ఆ ఓట్లు, కారణాలతో సహా, సైటులో పెట్టాలి. ‘ఓటింగ్’ లేదా ‘స్టీవర్డ్‌షిప్’ అనే పేజీ వెతకండి, ఎక్సెల్ ఫైలు దొరుకుతుంది. పీఎఫ్ ఈటీఎఫ్‌ల కోసమైతే ఎస్‌బీఐ, యూటీఐ ఫండ్ల సైట్లు చూడండి.

తెరిచాక కోల్ ఇండియా, ఎన్‌టీపీసీ పేర్లు పెట్టి ఫిల్టర్ చేయండి. డైరెక్టర్ల నియామకం, ఆడిటర్ ఫీజు, డివిడెండు, ఇవే ఉంటాయి వరసగా. వాతావరణం పేరుతో వరుస కనిపించకపోతే ఆశ్చర్యపోకండి, ఆ 10 శాతం గోడ సంగతి పైన చెప్పాను. ఆఖరి కాలమ్‌లో కారణం ఉంటుంది. నేను చూసిన ఫైళ్లలో ఒకే వాక్యం పదుల వరుసల్లో కాపీ అయి ఉంది.

కొత్త_టీనగర్

దొరికింది. ఎక్సెల్ తెరుస్తుంటే ఫోను వేలాడుతోంది, ఆఫీసు ల్యాప్‌టాప్‌లో చూస్తా.

వేళచ్చేరి_వనజ

నేను చూసేశా. కారణం: ‘నిబంధనలకు లోబడి ఉంది, అభ్యంతరం లేదు.’ కింద ఇరవై వరుసలు అదే. ఆ పేజీలో ఇన్వెస్టర్ రిలేషన్స్ మెయిల్ ఐడీ ఉంది, రాస్తున్నా. మామగారూ, ఇంగ్లీషు డ్రాఫ్టు ఒకసారి చూసిపెడతారా?

సర్వేయర్_మామ

పంపు తల్లీ. సర్వే రిపోర్టులు రాసిన చెయ్యి, మర్యాదగా కర్రు కాల్చి వాత పెట్టడం నాకు బాగానే వచ్చు.